బార్బేరియన్‌కు జరిగిన అన్యాయంపై కర్నూలు నుంచి ఒక వినతి

మా అక్క కొడుకు ఆదివారం పొద్దున ఉగ్గాని ప్లేటు పక్కకు నెట్టేశాడు. మిరపకాయ బజ్జీ కూడా ముట్టలేదు. కర్నూలులో పుట్టినోడు బజ్జీ వదిలేశాడంటే సంగతి చిన్నది కాదు.

"నర్ఫ్ చేసినారు మామా" అన్నాడు, గొంతు పూడుకుపోయి.

వాడు ఆడే కంప్యూటర్ ఆటలో బార్బేరియన్ గొడ్డలి దెబ్బ బలం తగ్గించారట. దాన్నే నర్ఫ్ అంటారు, బలం పెంచితే బఫ్. తెలియనివాళ్లకు చెప్పాలి. ఈ ఆటల్లో మొదటే ఒక క్లాస్ ఎంచుకోవాలి: గొడ్డలి పట్టే బార్బేరియన్, నిప్పులు కురిపించే మంత్రగాడు, శవాలను లేపే నెక్రోమాన్సర్. ఎవరికీ అన్యాయం జరగకూడదు కాబట్టి, ఎవరు ముందుకు పోతే వాళ్ల కాలు విరగ్గొడతారు. దాన్నే బ్యాలెన్స్ అంటారు. 2023 జూన్‌లో డయాబ్లో 4 అనే ఆట వచ్చింది. జూలైలో 1.1.0 అనే ప్యాచ్, అంటే ఆటకు మార్పుల అతుకు, వేసి ఐదు క్లాసులకూ ఒకేసారి కోత పెట్టారు. సమన్యాయమంటే అదీ! ఆడేవాళ్లు గగ్గోలు పెడితే, తయారుచేసినవాళ్లు లైవ్‌లోకి వచ్చి ఇలాంటిది మళ్లీ చేయమని చెప్పుకున్నారు.

దీనికే ఏడిస్తే ఎలా? మా ఊరిని చూడండి.

1937లో కోస్తా, సీమ నాయకులు శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. రాజధాని ఒక ప్రాంతానికి, హైకోర్టు ఇంకో ప్రాంతానికి. ఏది కావాలో కోరుకునే హక్కు సీమది. ఇంత చక్కటి క్లాస్ సెలక్షన్ ఏ ఆటలోనూ లేదు. 1953 అక్టోబరు 1న కర్నూలుకు బఫ్ వచ్చింది, ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయింది. హైకోర్టు గుంటూరుకు పోయింది. ఆఫీసులు గుడారాల్లో నడిచినా ర్యాంకు ర్యాంకే కదా. మూడేళ్లు నిండి నెల తిరిగిందో లేదో, 1956 నవంబరు 1న ఒక్క అప్‌డేట్‌తో రాజధాని హైదరాబాదుకు పోయింది. 2020లో చట్టం చేసి న్యాయ రాజధాని ఇస్తామన్నారు. మేం ఇంకా లోడింగ్ చూస్తుండగానే, 2021 నవంబరులో వెనక్కి తీసుకున్నారు. ఏ బార్బేరియన్‌కైనా ఇన్ని ప్యాచులు పడ్డాయా?

ఇక ర్యాంకుల సంగతి. డయాబ్లో 3లో గ్రేటర్ రిఫ్ట్ అని ఒకటుంది. 15 నిమిషాల్లో దయ్యాలను ఊడ్చేసి, చివర్లో వచ్చే పెద్ద దయ్యం గార్డియన్‌ను పడగొట్టాలి. క్లాసుకో పట్టిక వేరే. అంటే బార్బేరియన్ పోటీ పడేది బార్బేరియన్లతోనే. అయినా పక్క క్లాసోడు ఇంకో పది మెట్లు పైకెక్కాడని మావాడికి నిద్ర పట్టదు.

పోయిన మే నెలలో ఒక రాత్రి, పద్నాలుగో నిమిషం, గార్డియన్‌కు వేలెడు ప్రాణం మిగిలి ఉంది. కరెంటు పోయింది. ఫ్యాను, వైఫై, బార్బేరియన్ ముగ్గురూ కలిసి ఆగిపోయారు. ఆ చీకట్లో మా అక్క, "ఇప్పుడన్నా పోయి స్నానం చెయ్యిరా" అంది.

అందుకే ఈ కాలమ్ ద్వారా ఆటలు చేసే వాళ్లందరికీ నా డిమాండ్: సీమ నుంచి ఆడేవాళ్లకు 18 నిమిషాలు ఇవ్వాలి. ఇది రాయితీ కాదు, బ్యాలెన్స్. మార్చి నుంచి జూన్ దాకా చెమట చేతులతో మౌస్ పట్టుకోవడాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కొన్ని నెలలకోసారి సీజన్ మారిందని పట్టికలు తుడిచేసి, అందరినీ మొదటి లెవెల్‌కు తోసేస్తారని కూడా ఏడుస్తున్నారు. అనంతపురం వేరుశనగ రైతును అడగండి. ఆయన ఏటా ఖరీఫ్‌కు మొదటి లెవెల్ నుంచే మొదలుపెడతాడు, అదీ ఒక్కసారి పడితే మళ్లీ లేవడం లేని హార్డ్‌కోర్ మోడ్‌లో.

ఇవన్నీ చెప్పాక మావాడు కాస్త తేరుకున్నాడు. "మరి ఈసారి ఏ క్లాస్ తీసుకోవల్ల మామా?"

"అందరికంటే అడుగున ఉన్నోణ్ని పట్టుకోరా. ఎప్పటికైనా బఫ్ వచ్చేది వానికే."

"ఎప్పుడొస్తాది?"

కిటికీలోంచి కొండారెడ్డి బురుజు కనిపిస్తోంది. కాసేపు దానివైపే చూశాను.

"బజ్జీ చల్లారిపోతాంది, తినుపో" అన్నాను.