సవరణ: మోడల్ ఏ పికప్‌కు ఏ బ్రేకులు?

ఫోర్డ్ మోడల్ ఏ పికప్‌ను ఇంటి షెడ్డులో హాట్ రాడ్‌గా, అంటే పెద్ద ఇంజిన్ పెట్టి వేగంగా పోయే పాత బండిగా, మార్చడం గురించి పోయిన వారం రాస్తూ, 1936 ఫోర్డ్ నుంచి హైడ్రాలిక్ (ద్రవం ఒత్తిడితో పనిచేసే) బ్రేకులు తీసి బిగించుకోవచ్చని చెప్పాను. అది తప్పు. ఫోర్డ్ కార్లకు హైడ్రాలిక్ బ్రేకులు 1939లో గానీ రాలేదు. అంతకుముందువన్నీ కడ్డీలు, తీగలతో లాగే మెకానికల్ బ్రేకులే. పాత పద్ధతిలో బండి కట్టేవాళ్లు 1939–48 బ్రేకుల కోసం వెతికేది అందుకే.

ఇది చిన్న పొరపాటు కాదు. మోడల్ ఏ సొంత ఇంజిన్ 40 హార్స్‌పవర్. 1932లో వచ్చిన ఫోర్డ్ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ ఫ్లాట్‌హెడ్ వీ8 మొదట్లోనే 65, తర్వాత ఇంకా పెరిగింది. అంత ఇంజిన్ పెట్టి పాత బ్రేకులే ఉంచితే బండిని ఆపడం కష్టం.

అప్పుడు చెప్పకుండా వదిలేసిన మాట ఇంకొకటి ఉంది. పెడల్ నొక్కితే బ్రేకు ద్రవాన్ని పైపుల్లోకి తోసేది మాస్టర్ సిలిండర్. ఆనాటి దాంట్లో ఒకటే గది. ఎక్కడ ఒక్క పైపు కారినా నాలుగు చక్రాలకూ బ్రేక్ పోతుంది. నేనైతే రెండు గదులున్నదే పెట్టాను. ఫ్రేమ్ కింద ఉంటుంది కాబట్టి బండి పాతరూపం చెడదు.

నా మాట నమ్మి ఎవరైనా 1936 సామాను బేరమాడుతుంటే దయచేసి ఆపండి. క్షమించండి.