రాత్రి ఎనిమిదిన్నర ఖర్చు

రాత్రి ఎనిమిదిన్నర. ఆఫీసు నుంచి వచ్చి ఫ్రిజ్ తీస్తే బెండకాయలు ఉన్నాయి, దోసకాయ ఉంది. తరిగే ఓపికే లేదు. పిల్లలు అప్పటికి రెండుసార్లు ఆకలన్నారు. చెయ్యి ఫోన్ మీదకు పోతుంది.

ఈ మధ్య ఒక ఆదివారం కూర్చుని, మూడు నెలల యూపీఐ హిస్టరీ చూసి బయటి తిండి ఖర్చంతా కాగితం మీద రాశాం. పుట్టినరోజులు, ఆదివారం బిర్యానీలే డబ్బు తినేస్తున్నాయని అప్పటిదాకా నా నమ్మకం. తీరా చూస్తే సగానికి పైగా ఆర్డర్లు సోమవారం నుంచి గురువారం లోపు, రాత్రి ఎనిమిది దాటాక పెట్టినవే. ఇష్టపడి తిన్న బిర్యానీలు గుర్తున్నాయి. అలసిపోయి తెప్పించుకున్న నూడుల్స్ ఎవరికీ గుర్తులేవు.

ఇది మా ఒక్క ఇంటి సంగతి అనుకోను. కేంద్ర ప్రభుత్వం చేసిన 2023-24 గృహ వినియోగ వ్యయ సర్వే ప్రకారం పట్టణాల్లో తలసరి నెల ఖర్చు 6,996 రూపాయలు. అందులో పానీయాలు, చిరుతిళ్లు, ప్రాసెస్ చేసిన ఆహారం వాటా 11.09 శాతం. అంటే నలుగురున్న ఇంటికి నెలకు మూడు వేల పైమాటే. బయటి తిండితో పాటు బిస్కెట్లు, చిప్స్ కూడా ఇందులోనే కలిశాయి, నిజమే. అయినా తిండి ఖర్చులో అన్నిటికంటే పెద్ద పద్దు ఇదే. పల్లెల్లో కూడా 9.84 శాతంతో ఇదే ముందుంది.

‘బయట తినడం మానేయండి’ అని సలహా ఇవ్వడం తేలిక. మరి వంట ఎవరు చేయాలి? ఎవరు ఏ పనికి ఎంత సమయం పెడుతున్నారో లెక్కగట్టే 2024 టైమ్ యూజ్ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మగవాళ్లు పెడుతున్నది 88 నిమిషాలు. ‘ఈ నెల నుంచి ఆర్డర్లు బంద్’ అని ఇంటాయన ప్రకటిస్తే, మిగిలిన ప్రతి రూపాయీ ఆమె నడుము నొప్పిలోంచి వచ్చిందే అవుతుంది. అలాంటి పొదుపు నాకు సమ్మతం కాదు, అది రెండు వారాలు కూడా నిలవదు.

కాబట్టి చూసుకోవాల్సింది ఆ ఎనిమిదిన్నర సంగతి. మన ఊళ్లలో దీనికి ఎప్పుడో దారి దొరికింది: కర్రీ పాయింట్. ఇంటికి ముందు చేరినవాళ్లు కుక్కర్ పెడతారు, వెనక వచ్చేవాళ్లు దారిలో పప్పు, ఒక వేపుడు కట్టించుకుని వస్తారు. అన్నం, పెరుగు ఇంట్లోవే కాబట్టి ఖర్చు కూర వరకే. రోజూ ఆ నూనె మంచిది కాదు, వారానికి ఒకటి రెండుసార్లు చాలు. మిగతా రోజుల కోసం ఆదివారం ఒక గంట పెడితే పులిహోర గుజ్జు, దోసెల పిండి, కందిపొడి తయారవుతాయి. వేడన్నంలో కందిపొడి, నెయ్యి, పక్కన రెండు అప్పడాలు ఉంటే పిల్లలు మారు మాట్లాడకుండా తింటారు.

ఇక యాప్ బిల్లు. మా వీధి చివరి హోటల్ కౌంటర్‌లో 220 రూపాయలున్న చికెన్ బిర్యానీ యాప్‌లో 265. దానిపై 5 శాతం జీఎస్టీ, ప్యాకింగ్, డెలివరీ, ప్లాట్‌ఫామ్ ఫీజు కలిసి 330 దాటింది. ఆ ప్లాట్‌ఫామ్ ఫీజు 2023లో 2 రూపాయలతో మొదలై ఇప్పుడు పది దాటిపోయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి డెలివరీ చార్జీపై 18 శాతం జీఎస్టీ కూడా పడుతోంది. నడిచి వెళ్తే ఆరు నిమిషాల దూరానికి నూట పది రూపాయలు! ‘ఇంకో 60 రూపాయలకు కొంటే డెలివరీ ఉచితం’ అన్నప్పుడల్లా ఎవరూ అడగని గులాబ్ జామూన్ కూడా ఇంటికొచ్చేది.

హోటల్లో కూర్చుని తిన్నా బిల్లు చదవాలి. సర్వీస్ చార్జీ కట్టి తీరాలని ఎవరూ అనడానికి లేదు. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ ఈ మాట 2022 జులైలోనే చెప్పింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్ని సమర్థించింది. తీసేయమని అడగండి, కాదంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి.

మా ఇంట్లో ఇప్పుడు బుధవారం కుక్కర్ తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయిది. మొదటి వారం నీళ్లెక్కువై అన్నం ముద్దయింది, పెరుగు కలుపుకుని తిన్నాం. రెండో వారం బియ్యం తనే అరగంట ముందు నానబెట్టాడు. నెలకో ఆదివారం బిర్యానీ మాత్రం ఉంది. నలుగురం నడుచుకుంటూ వెళ్లి హోటల్లోనే కూర్చుని తింటున్నాం.