వేదికను అలంకరించవలసిందిగా...

సైన్స్ ఫిక్షన్, కామిక్స్ అభిమానుల సమ్మేళనం పెట్టాలంటే ఏం కావాలి? కథలు, బొమ్మలు, వాటిని ఇష్టపడే నలుగురు మనుషులు చాలంటారు అమాయకులు. శ్రీకాకుళంలో పుట్టి పెరిగినవాడెవడూ అంత మాట అనడు. ముందు ముఖ్య అతిథి కావాలి. ఆయన దొరికాక విశిష్ట అతిథి, ఆయన ఒప్పుకున్నాక గౌరవ అతిథి, ముగ్గురూ వస్తున్నారని తెలిసి అలిగినాయన కోసం ఆత్మీయ అతిథి. వీళ్లందరి పేర్లూ పట్టాక ఆహ్వాన పత్రికలో చోటు మిగిలితే అడుగున చిన్న అక్షరాల్లో ‘కామిక్స్’ అని వేసుకోవచ్చు.

ఈ విషయంలో అమెరికా వాళ్లు బాగా వెనకబడి ఉన్నారు. 1939లో న్యూయార్క్‌లో మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సమ్మేళనం పెట్టుకున్నారు. వచ్చింది ఓ రెండు వందల మంది. ఫారెస్ట్ ఆకర్‌మన్ అనే కుర్రాడు భవిష్యత్తు మనిషి వేషం కట్టుకుని వెళ్లాడు. ఆ బట్టలు కుట్టింది అతని స్నేహితురాలు మర్టిల్ డగ్లస్. ఆవిడా వేషంతోనే వెళ్లింది. ముఠా తగాదాల వల్ల ఆరుగురు అభిమానుల్ని గుమ్మం దగ్గరే ఆపేశారు. ఈ ఒక్క సంగతిలో మాత్రం వాళ్లు మన సంఘాలకి తీసిపోలేదు. 1970 ఆగస్టులో శాన్ డియాగోలో ఓ హోటల్లో మూడు వందల మందితో కామిక్స్ సమ్మేళనం జరిపారు. ఇప్పుడక్కడికి లక్షమందికి పైగా వస్తున్నారు. ఇంత చరిత్రలో శాలువా ఊసు నాకెక్కడా తగల్లేదు. ఎలా బతుకుతున్నారో ఏమో.

మా సమ్మేళనానికి టైము పదింటికి వేశాం. పక్కనే అరసవల్లి. అక్కడ సూర్యుడంతటివాడు ఏటా మార్చిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి చెప్పిన వేళకి వచ్చి స్వామి పాదాలు తాకి పోతాడు. మబ్బు పట్టిందంటే అది ఆయన తప్పు కాదు. ముఖ్య అతిథి గారు సూర్యుడి కన్నా పెద్దవారు. పన్నెండున్నరకి వచ్చారు.

యాంకరమ్మ మైకు అందుకుంది. “ఫలానా వారిని వేదికను అలంకరించవలసిందిగా కోరుచున్నాను.” అలంకరించారు. వేదిక మీద కుర్చీలు ఏడు, చేతిలో పేర్లు పదకొండు. టెంట్ హౌస్ కుర్రాడు కింద మొదటి వరసలోంచి నాలుగు కుర్చీలు పైకి పట్టుకెళ్లాడు. అంతలో ఎవరో చీటీ అందించారు. చీటీ అంటే ఇంకో పేరు. ఆ పేరు చదువుతుండగా మరో చీటీ. అతిథి గారి బామ్మర్ది, బామ్మర్దిని కారులో తెచ్చిన మిత్రుడు, హాలు ఓనరు, అంతకుముందు హాలు ఓనరు. “ఇంకా ఏసీమంటారేటి బావూ?” అని కుర్రాడు అడగడం, “ఎయ్యరా” అని పైనుంచి ఎవరో ఒకరు అనడం. అట్టపెట్టెలకి వెండి కాగితం అంటించుకుని రోబోలా వచ్చిన ఎనిమిదో తరగతి గుంటడి కుర్చీ కూడా లాగేశారు. అట్ట మోకాళ్ల దగ్గర వంగక వాడు ఎలాగూ కూర్చోలేకపోతున్నాడు, అది వేరే సంగతి. చివరికి వేదిక మీద మూడు వరసలయ్యాయి. కింద కుర్చీల్లేవు, నిలబడ్డ జనమే. గ్రహాంతరవాసి ఎవరైనా ఆ వేళ హాల్లోకి తొంగిచూస్తే, పైన కూర్చున్నవాళ్ల వినోదం కోసం కింద పిల్లలు వేషాలు కట్టారనుకునేవాడు. అందులో తప్పేముంది?

ఆ తర్వాత శాలువాలు. ఒకరికొకరు కప్పుకున్నారు. గాంధీ గారు మెచ్చుకున్న ఖద్దరు నేసే పొందూరు ఇదే జిల్లాలో ఉంది కాబట్టి, మేం జాగ్రత్తగా పాలియెస్టరువి తెప్పించాం. ముఖ్య అతిథి గారు సైన్స్ ఫిక్షన్ అంటే సైన్స్ ఫెయిర్ అనుకుని వచ్చారు. పిల్లలు ప్రయోగాలు చేసి జిల్లా పేరు నిలబెట్టాలన్నారు. బొమ్మల పుస్తకాలు చదివి పాడైపోవద్దని హెచ్చరించారు. చప్పట్లు మోగాయి. ముందుగా కొట్టింది మా కమిటీ వాళ్లే.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. పక్క గోడ సంగతి మాత్రం నావల్ల కాదు.

ఆమదాలవలస నుంచి, నరసన్నపేట నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పిల్లలు సొంతంగా గీసిన కామిక్స్ పంపారు. ముందురోజు రాత్రి వాటిని గోడ నిండా అంటించాం. ఒక పాప ఆరు పేజీల కథ వేసింది: వంశధార ఇసుకలో అంతరిక్ష నౌక దిగుతుంది, తలుపు తీసుకుని దిగినవాడి తలకి గళ్ల తువ్వాలు చుట్టి ఉంటుంది, వాళ్ల తాత చుట్టుకున్నట్టే. పొద్దున్నే ఫ్లెక్సీ వాళ్లొచ్చి అతిథి గారు దండం పెడుతున్న ఇరవై అడుగుల ఫ్లెక్సీని ఆ బొమ్మల మీదే మేకులు కొట్టి బిగించారు. ఒక మేకు ఆ తువ్వాలు లోంచి దిగింది. తీయించమంటే “సార్ ఫీలవుతారు” అన్నారు. ఆ పిల్ల ఫీలవదా? సెలవులన్నీ కూర్చుని గీసిందే, దాని కష్టం కన్నా ఈయన దండం ఎక్కువా? సిగ్గుండాలి మనకి. ఇది వడ్డాది పాపయ్య పుట్టిన ఊరు. 1921లో ఇక్కడ పుట్టి, వ.పా. అన్న రెండక్షరాల సంతకంతో దశాబ్దాల పాటు చందమామ అట్టలకి బొమ్మలు వేసిన మనిషి. ఆయన పేరు ఆ పూట ఒక్క నోటా రాలేదు. బతికుండి వచ్చినా కింద నిలబెట్టేవాళ్లం, చీటీ పంపలేదు గనక.

అతిథి గారికి టెక్కలిలో ఇంకో ప్రారంభోత్సవం ఉంది. ఆయన లేస్తుంటే యాంకరమ్మ కంగారుపడి వందన సమర్పణ చదివేసింది, ఆ ఊపులోనే జనగణమన కూడా పెట్టించేసింది. మన దగ్గర జనగణమన అయ్యాక సభ అనేది ఉండదు. జనం చెప్పులు వెతుక్కున్నారు. బొమ్మల వర్క్‌షాపు, కథల పోటీ, వేషాల ఊరేగింపు ఒక్కటీ మొదలు కానేలేదు. పిల్లలకి బొమ్మలు నేర్పడానికి పార్వతీపురం నుంచి బస్సులో వచ్చిన ఆర్టిస్టు డ్రాయింగ్ బోర్డు చంకలో పెట్టుకుని “నన్నెప్పుడు పిలుస్తారండీ?” అని అడిగాడు. నాలుగింటి నుంచి హాలు పెళ్లివాళ్లదని చెప్పాం. ఆయనకి బస్సు ఛార్జీలు ఇవ్వడానికి నిధులు లేవు. వేదిక మీద బరువాగక విరిగిన రెండు ప్లాస్టిక్ కుర్చీలకి మాత్రం ఉన్నాయి. పిల్లల దగ్గర తీసుకున్న యాభై రూపాయల టికెట్ డబ్బుల్లోంచి టెంట్ హౌస్ వాళ్లకి కట్టేశాం.