దెయ్యానికి ఫ్లాష్‌బ్యాక్ పెట్టిన రోజే భయం పోయింది

హారర్ క్లాసిక్స్ లిస్టు ఎవరు వేసినా తిరిగి తిరిగి అవే పేర్లు వస్తాయి. 'సైకో', 'ది బర్డ్స్', 'ది ఎగ్జార్సిస్ట్', 'హాలోవీన్', 'ది షైనింగ్'. అందరూ చూసినవే, చూడనివాళ్లు కూడా ముఖ్యమైన సీన్లు రీల్స్‌లో చూసేశారు. అయినా సరే, అర్ధరాత్రి ఇంట్లో ఒక్కరే కూర్చుని వీటిలో ఏదో ఒకటి పెట్టుకుంటే మధ్యలో ఒకసారి లేచి తలుపు గడియ చూసుకోకుండా ఉండలేరు. యాభై అరవై ఏళ్ల కిందటి సినిమాలు, గ్రాఫిక్స్ లేవు, 'సైకో'కి అయితే రంగు కూడా లేదు, మరి ఇంకా ఎలా భయపెడుతున్నాయి అంటే రెడీగా ఒక జవాబు ఉంటుంది: బీజీఎం, లైటింగ్, దెయ్యాన్ని చూపించీ చూపించకుండా దాచడం. కరెక్టే, కాదనను. కానీ ఈ టెక్నిక్స్ అన్నీ మన డైరెక్టర్లకీ తెలుసు, సౌండ్ మీద అప్పటివాళ్లకంటే ఎక్కువే కష్టపడుతున్నారు, మరి మన సినిమాలు ఇంటర్వెల్ దాకా వణికించి సెకండాఫ్‌లో ఎందుకు చప్పబడిపోతున్నాయి? నాకైతే తేడా ఒక్క చోటే కనిపిస్తుంది. ఆ సినిమాలు "ఎందుకు?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పవు. మనం చెప్పకుండా ఉండలేం.

'హాలోవీన్' తీసుకోండి. 1978లో జాన్ కార్పెంటర్ మూడు లక్షల డాలర్ల పైచిలుకు బడ్జెట్‌లో తీసిన సినిమా, మ్యూజిక్ కూడా ఆయనే కొట్టుకున్నాడు. మొదటి సీన్‌లో కెమెరా ఎవరిదో కళ్లలా ఇంట్లోకి వెళ్తుంది, వంటింట్లో కత్తి తీసుకుంటుంది, మేడ ఎక్కుతుంది, ఒక అమ్మాయిని పొడుస్తుంది, కిందికి దిగి బయటికొస్తుంది. అప్పుడే కారు దిగిన తల్లిదండ్రులు మాస్క్ లాగితే లోపల ఆరేళ్ల పిల్లాడు. జోకర్ డ్రెస్, చేతిలో కత్తి, ముఖంలో ఏమీ లేదు. కోపం లేదు, ఏడుపు లేదు. చంపింది సొంత అక్కని. ఎందుకు చంపాడు? సినిమా అయిపోయినా చెప్పరు. ఏళ్ల తరబడి వాడికి వైద్యం చేసిన డాక్టరే వాడి కళ్ల వెనక చెడు తప్ప ఇంకేమీ లేదని చేతులెత్తేస్తాడు. పెద్దయ్యాక మాస్క్‌తో తిరిగే ఆ పాత్రకి టైటిల్స్‌లో పేరు కూడా వేయలేదు, ఒట్టి 'ది షేప్' అని వేశారు, అంటే ఒక ఆకారం, అంతే.

ఇదే ఆకారానికి తర్వాత ఏం చేశారో చూస్తే నా పాయింట్ ఇంకా బాగా అర్థమవుతుంది. 1981లో రెండో భాగం వచ్చింది, అందులో హీరోయిన్ వాడి చెల్లెలని తేల్చారు, అందుకే వెంటపడుతున్నాడని. ఆ స్క్రిప్ట్ రాసినవాళ్లలో కార్పెంటర్ కూడా ఉన్నాడు, తర్వాత ఆ నిర్ణయం గురించి ఆయనే బాధపడ్డాడు. 2007లో రాబ్ జాంబీ రీమేక్‌లో ఇంకో అడుగు ముందుకేసి పిల్లాడికి చెడ్డ ఇల్లు, తల్లితో ఉండే తాగుబోతు, స్కూల్లో ఏడిపించే కుర్రాళ్లు, అన్నీ ఇచ్చారు. ఇచ్చాక ఏమైంది, వాడి మీద జాలి వచ్చింది. 2018లో మళ్లీ తీసినప్పుడు ఆ చెల్లెలి కథని తీసిపారేసి నేరుగా మొదటి సినిమా నుంచే అందుకున్నారు. నలభై ఏళ్లు తిరిగి తిరిగి మొదటి చోటుకే రావాల్సి వచ్చిందన్నమాట.

'ది ఎగ్జార్సిస్ట్' (1973) సంగతీ ఇంతే. దెయ్యం పట్టేది పన్నెండేళ్ల రీగన్‌కి, మంచి పిల్ల, తల్లి సినిమా నటి, దేవుడి మీద నమ్మకం లేని మనిషి. ఆ ఇంట్లో ఎవరూ ఎవరికీ అన్యాయం చేయలేదు, ఎవరి శాపమూ లేదు. చాలామందికి తల తిరగడం, పచ్చటి వాంతి గుర్తుంటాయి కానీ నన్ను అడిగితే ఆ సినిమాలో అన్నిటికంటే భయంకరమైన భాగం ఆస్పత్రి. పిల్లని బల్ల మీద పడుకోబెట్టి మెడలో సూది గుచ్చుతారు, రక్తం చిమ్ముతుంది, మెషిన్ దడదడలాడుతూ ఫిల్ములు తీస్తుంది, తల్లి బయట నిలబడి ఉంటుంది, డాక్టర్లు ఫిల్ములు పైకెత్తి చూసి ఏమీ లేదంటారు. మన ఇంట్లో ఎవరికైనా రోగమేంటో తేలకుండా స్కాన్ మీద స్కాన్ తీయించినవాళ్లకి ఆ తల్లి ముఖం బాగా తెలుసు. రిపోర్ట్ నార్మల్ అనే మాట ఎంత భయపెడుతుందో కూడా తెలుసు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. భూతవైద్యం మధ్యలో ఇద్దరు ఫాదర్లు మెట్ల మీద కూర్చుని "ఈ పిల్లే ఎందుకు?" అని మాట్లాడుకునే సీన్ ఒకటి షూట్ చేశారు, పెద్ద ఫాదర్ దానికి ఒక వివరణ కూడా ఇస్తాడు. డైరెక్టర్ ఫ్రీడ్‌కిన్ ఎడిటింగ్‌లో దాన్ని కోసేశాడు. కథ రాసిన బ్లాటీకి అది నచ్చలేదు, చివరికి 2000లో వచ్చిన కొత్త వెర్షన్‌లో ఆ మాటలు తిరిగి పెట్టారు. నేను రెండూ చూశాను. నన్నడిగితే పాతదే చూడమంటాను, ఎందుకంటే అందులో ఆ ఇద్దరూ అలిసిపోయి ఉంటారు తప్ప జవాబు తెలిసినవాళ్లలా ఉండరు. ఇక 1977లో వచ్చిన రెండో భాగం, ఆ పిల్లలో రోగాలు నయం చేసే శక్తి ఉంది కాబట్టే దెయ్యం పట్టిందని కారణం కనిపెట్టింది. థియేటర్లో జనం నవ్వారు.

'ది షైనింగ్' 1980లో రిలీజైన కొద్ది రోజులకే స్టాన్లీ కుబ్రిక్ చివర్లో ఉన్న ఆస్పత్రి సీన్‌ని ప్రింట్ల నుంచి కత్తిరించేశాడు. అది పోయాక హోటల్ గోడ మీద 1921 నాటి ఫొటో ఒక్కటే మిగిలింది, అంత పాత ఫొటోలో హీరో జాక్ ఎలా ఉన్నాడో ఇప్పటికీ జనం కొట్టుకుంటూనే ఉన్నారు.

'సైకో' మాత్రం జవాబు చెప్పింది కదా అంటారు. చెప్పింది, చివర్లో ఒక సైకియాట్రిస్ట్ నిలబడి పాఠం చెప్పినట్టు అంతా వివరిస్తాడు, ఆ సినిమాని నెత్తిన పెట్టుకునే వాళ్లు కూడా ఒప్పుకునే బలహీనమైన సీన్ అదొక్కటే. డైరెక్టర్ హిచ్‌కాక్‌కి కూడా తెలుసేమో, దాని వెంటనే హంతకుడు నార్మన్‌ని ఒంటరిగా దుప్పటి కప్పి కూర్చోబెట్టి, తల్లి గొంతు వినిపించి, ఆ నవ్వు మీద ఒక్క క్షణం పుర్రెని కలిపి చూపించాడు. డాక్టర్ చెప్పిందంతా ఆ నవ్వు ముందు గాలికి పోయింది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన హారర్ సినిమా స్ట్రక్చర్ చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు: కొత్త ఇల్లు, తలుపు చప్పుడు, కమెడియన్ పరుగు, ఇంటర్వెల్‌కి దెయ్యం ఎంట్రీ, ఆ తర్వాత ముప్పై నలభై నిమిషాల ఫ్లాష్‌బ్యాక్. ఆ ఫ్లాష్‌బ్యాక్‌లో దెయ్యం బతికున్నప్పుడు చాలా మంచి మనిషి, విలన్లు ఘోరం చేసి చంపారు, ఇప్పుడు పగ తీర్చుకుంటోంది. ఆ క్షణం నుంచి మనం దెయ్యం పార్టీలోకి వెళ్లిపోతాం, అది ఎవర్ని చంపితే విజిల్స్ వేస్తాం. 'కాంచన' డబ్బింగ్ ఇక్కడ ఎలా ఆడిందో అందరికీ తెలుసు, నేనూ ఎంజాయ్ చేశాను, కానీ రెండో సగంలో ఎవరైనా భయపడ్డారా? 'అరుంధతి' నాకు చాలా ఇష్టమైన సినిమా, పశుపతి గొంతు ఇప్పటికీ చెవిలో ఉంటుంది, అయినా అది హీరోయిన్ గెలిచే యుద్ధం కథ. రాంగోపాల్ వర్మ 1992లో రేవతితో తీసిన 'రాత్రి'ని ఇప్పటికీ జనం భయంగా గుర్తుచేసుకుంటారంటే, ఆ ఇల్లు, ఆ కుటుంబం మన పక్క వీధిలోవాళ్లలా ఉండి, ఆ అమ్మాయికి ఏమవుతోందో మనకీ వాళ్లకీ చాలాసేపు తెలియకపోవడం వల్లే.

పుస్తకాల్లోనూ అంతే. యండమూరి 'తులసిదళం' ఆంధ్రభూమి వీక్లీలో సీరియల్‌గా వస్తున్నప్పుడు ఇళ్లలో పిల్లల్ని ఒంటరిగా పడుకోబెట్టడానికి కూడా భయపడ్డారని మా పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. అందులోనూ చిన్నపిల్లే, అంతుబట్టని జబ్బే, ఒకవైపు డాక్టర్లు, ఇంకోవైపు మాంత్రికులు. కానీ తులసి అనే ఆ పిల్ల మీద కాష్మోరా అనే క్షుద్ర ప్రయోగం వెనక డబ్బు ఉంది, చేయించిన మనుషులున్నారు. 'ది ఎగ్జార్సిస్ట్'లో రీగన్ వెనక ఎవరూ లేరు. చేయించినవాడు దొరికాడంటే వాడి మీదకి పోవచ్చు, ఎవరూ లేకపోతే ఎటు పోవాలి?

నా వాదనకి ఎదురుగా ఒక గట్టి మాట ఉంది, దాన్ని గౌరవిస్తాను. మన దెయ్యం కథలు న్యాయం కథలని, బతికున్నప్పుడు నోరెత్తలేని ఆడదానికి, కూలివాడికి చచ్చాకైనా మాట్లాడే అవకాశం ఇచ్చాయని, ఆ ఫ్లాష్‌బ్యాక్ తీసేస్తే వాళ్ల గొంతే తీసేసినట్టు అవుతుందని. నిజమే, అలాంటి కథలు కావాలి, రావాలి. కానీ వాటిని న్యాయం కథలుగానే తీయొచ్చు కదా. ప్రతి భయాన్నీ కోర్టు కేసులా మార్చి తీర్పు చెప్పి పంపిస్తే భయం అనే అనుభవానికి చోటెక్కడ మిగిలింది?

ఇదంతా సినిమా టేస్ట్ గొడవ అయితే ఇంత పట్టుదలగా రాసేవాణ్ని కాదు. నన్ను ఇక్కడిదాకా తీసుకొచ్చింది 'ది బర్డ్స్'లో ఒక సీన్. 1963 సినిమా, ఇదీ హిచ్‌కాక్‌దే, కాలిఫోర్నియాలో బొడేగా బే అనే చిన్న ఊరు, ఉన్నట్టుండి పక్షులు మనుషుల మీద పడతాయి. సినిమా మొత్తంలో మామూలు అర్థంలో బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ లేదు, రెక్కల చప్పుడూ అరుపులూ ఎలక్ట్రానిక్ వాద్యం మీద పుట్టించిన శబ్దాలూ మాత్రమే. ఒక హోటల్లో ఊరి జనం పోగవుతారు. పక్షుల గురించి అంతా తెలిసిన ఒక పెద్దావిడ, రకరకాల పక్షులు కలిసి దాడి చేయడం అసంభవమని లెక్చర్ ఇస్తుంది. బార్ దగ్గర తాగినవాడు బైబిల్ వాక్యాలు చెప్పి ప్రపంచం అంతమైపోతోందంటాడు. ఇంకొకడు అన్నిటినీ కాల్చి పారేయమంటాడు. ఇద్దరు పిల్లల్ని పక్కన పెట్టుకున్న ఒక తల్లి, పిల్లలు భయపడుతున్నారు ఆపండని బతిమాలుతుంటుంది. అంతలో దాడి మొదలవుతుంది, పెట్రోల్ బంకు తగలబడుతుంది. అది అయ్యాక హీరోయిన్ లోపలికి వస్తే ఆడవాళ్లంతా సందులో గోడకి నక్కి ఉంటారు. లెక్చర్ ఇచ్చిన పెద్దావిడ అటు తిరిగి కూర్చుంటుంది, తల ఎత్తదు. అప్పుడు ఆ తల్లి, ఇందాక బతిమాలిన ఆ తల్లే, నేరుగా కెమెరా వైపు వస్తూ హీరోయిన్‌ని పట్టుకుంటుంది: నువ్వు ఈ ఊరొచ్చాకే ఇది మొదలైంది, నువ్వెవరు, దీనికంతటికీ కారణం నువ్వే, నువ్వు చెడ్డదానివి. హీరోయిన్ ఆమెని చెంప మీద కొడుతుంది. అంతే సీన్.

పక్షుల కంటే ఆ తల్లే నన్ను ఎక్కువ భయపెట్టింది. ఆమె దుర్మార్గురాలు కాదు, పిల్లల్ని కాపాడుకోవాలనుకునే మామూలు మనిషి, కానీ కారణం లేకుండా ఉండలేకపోయింది, కనపడిన మొదటి కొత్త మనిషిని కారణం చేసేసింది. హిచ్‌కాక్ ఆమెకి సపోర్ట్ చేయలేదు. చివరిదాకా పక్షులు ఎందుకలా చేశాయో చెప్పలేదు, సినిమా అయిపోయాక 'ది ఎండ్' అన్న కార్డు కూడా వేయలేదు.

ఆ సీన్‌ని తెలుగు పేపర్లలో జిల్లా పేజీలు చదివే ఎవరైనా వెంటనే గుర్తుపడతారు. తెలంగాణలో బాణామతి అంటారు, గోదావరి ఏజెన్సీ వైపు చిల్లంగి అంటారు, మిగతా చోట్ల చేతబడి. ఊర్లో ఒకరికి జ్వరం తగ్గదు, గొడ్డు చస్తుంది, పసిబిడ్డ పోతుంది, ఎవరో ఒకరు "ఇది ఊరికే జరిగింది కాదు" అంటారు, రెండు రోజుల్లో ఒక పేరు బయటికొస్తుంది. ఆ పేరు ఎప్పుడూ బలమున్నవాడిది కాదు. ఒంటరి ముసలామె, భర్త పోయిన ఆడది, ఊరి చివర ఉండే మనిషి, భూతగాదా ఉన్న దాయాది. మంత్రం చదవలేకుండా చేయాలని పళ్లు ఊడగొట్టిన సంఘటనలున్నాయి, చెట్టుకి కట్టేసి కొట్టిన సంఘటనలున్నాయి, తగలబెట్టిన సంఘటనలున్నాయి. చదువుకున్న ఇళ్లలో ఇంత దూరం పోకపోవచ్చు కానీ క్యాన్సర్ వచ్చిందంటే "ఏం తినేవాడు", పిల్లకి ఆటిజం అంటే "తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఏం చేసింది", యాక్సిడెంట్ అంటే "కోడలు అడుగుపెట్టిన వేళ" అనేది మనమే. ఊరికే జరిగింది అన్న మాట మన నోటికి రాదు.

అందుకే మన హారర్ సినిమాల మీద నాకు కోపం. 2023లో వచ్చిన 'విరూపాక్ష' మొదలవ్వడమే చేతబడి అనుమానంతో ఊరంతా కలిసి ఒక జంటని సజీవంగా తగలబెట్టడంతో మొదలవుతుంది. బాగా తీసిన సినిమా, ఆ మొదటి సీన్ చూసి ఇక ఈ కథ ఆ జనం గురించే అనుకున్నాను, అంత మంది మామూలు మనుషులు కర్ర పట్టుకుని ఎలా వచ్చారనే దాని గురించి. కానీ సినిమా చివరికి మంత్రాలు నిజమే, ప్రయోగం నిజమే అని తేల్చింది. ఊరివాళ్ల అనుమానానికి ఆధారం దొరికినట్టే అయింది. హోటల్లో ఆ తల్లి అరిచిన మాట కరెక్టని 'ది బర్డ్స్' ఒప్పుకుని ఉంటే ఎలా ఉండేదో ఊహించుకోండి, ఆ సినిమాని ఇవాళ ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

మంచి టెక్నీషియన్లు ఉన్నారు, గ్రామం ఎలా ఉంటుందో తెలిసిన కొత్త డైరెక్టర్లు ఉన్నారు, ఓటీటీ వచ్చాక ఇంటర్వెల్ బ్యాంగ్ గొడవ కూడా లేదు. కాబట్టి అడుగుతున్నాను. ఒక ఊరు, ఒక పిల్లకి జబ్బు, డాక్టర్లకి అంతుపట్టదు, మంత్రగాడికీ అంతుపట్టదు, సినిమా కూడా చెప్పదు. కెమెరాని జబ్బుపడిన పిల్ల ఇంట్లో కాకుండా ఊరివాళ్లు అనుమానిస్తున్న ముసలామె ఇంట్లో పెట్టండి. నిన్నటిదాకా పాలు పోయించుకున్న పక్కింటావిడ ఇవాళ గిన్నె తీసుకోకుండా తలుపేసుకోవడం దగ్గర మొదలుపెట్టండి. ఫ్లాష్‌బ్యాక్ వద్దు, ఆమె గతంలో ఏమీ చేయలేదు కాబట్టి చూపించడానికి కూడా ఏమీ ఉండదు.