ఫ్రానె మాతోషిచ్ గోల్స్‌ని కోత కోయడం న్యాయమేనా?

739 మ్యాచ్‌లు, 729 గోల్స్. క్రొయేషియాలోని స్ప్లిట్ నగరానికి చెందిన హైడుక్ క్లబ్బు తరఫున ఫ్రానె మాతోషిచ్ పేరిట ఉన్న లెక్క ఇది. ఈ లెక్క ఎక్కడ కనిపించినా వెంటనే ఒక మాట వినిపిస్తుంది: "అందులో ఎక్కువ ఫ్రెండ్లీలే (లీగ్, కప్పు పోటీల్లో లెక్కకు రాని మ్యాచ్‌లే) కదా!" ఆ ఒక్క మాటతో 729 కాస్తా చిన్నదైపోతుంది. పీలే గోల్స్ గురించి చర్చ వచ్చినప్పుడూ ఇదే వరస. ఈ కోత నాకు అన్యాయంగా తోస్తుంది. అందులోనూ మాతోషిచ్ విషయంలో మరీ అన్యాయం.

అతను 1918 నవంబర్‌లో స్ప్లిట్‌లోనే పుట్టాడు. అన్న యోజో కూడా హైడుక్ ఆటగాడే. టీనేజీలోనే సీనియర్ జట్టులోకి వచ్చాడు. క్రొయేషియా అప్పుడు యుగోస్లావియాలో భాగం. ఆ దేశపు లీగ్‌లో పది, పన్నెండు జట్లు ఉండేవి. 12 జట్లున్న సీజన్‌లో కూడా ఒక క్లబ్బు ఆడేది 22 మ్యాచ్‌లే. మరి మిగతా ఏడాదంతా? పండగ మ్యాచ్‌లు, విదేశీ జట్లతో పోటీలు, వేరే ఊళ్లకు టూర్లు. క్లబ్బులకు టికెట్ డబ్బులు వాటి నుంచి కూడా వచ్చేవి. జనం వాటికీ అంతే మోజుగా వచ్చేవారు. ఇప్పటి ప్రీ సీజన్ మ్యాచ్‌లాగా సగం మనసుతో కాళ్లు కదిపే వ్యవహారం కాదది. ఆ కాలపు ఫుట్‌బాలర్ బతుకులో ఫ్రెండ్లీ సగం ఉద్యోగం. దాన్ని తీసేసి లెక్కేస్తే అతను చేసిన పనిలో సగం తీసేసినట్టే.

మధ్యలో బెల్‌గ్రేడ్ క్లబ్బు బీఎస్కేకి వెళ్లి 1938-39లో లీగ్ గెలిచాడు, తిరిగి స్ప్లిట్‌కు వచ్చాడు. 1941 ఏప్రిల్‌లో యుగోస్లావియా మీద దాడి జరిగింది. స్ప్లిట్‌ను ఇటలీ తనలో కలుపుకుంది. స్పలాటో అన్న ఇటాలియన్ పేరుతో ఇటలీ లీగ్‌లో ఆడమని హైడుక్‌ను ఆహ్వానించారు. క్లబ్బు ఒప్పుకోలేదు, ఆట ఆపేసింది. 1943లో ఇటలీ లొంగిపోయాక జాగ్రెబ్‌లోని జర్మనీ అనుకూల ప్రభుత్వం తన లీగ్‌లోకి రమ్మంది. దానికీ క్లబ్బు కాదనే చెప్పింది.

ఇక్కడో చిక్కుంది. 1942-43 సీజన్‌లో మాతోషిచ్ ఇటలీ క్లబ్బు బొలోన్యాకు ఆడాడు. అతని కథను వీరగాథగా చెప్పాలనుకునేవాళ్లు దీన్ని దాటేస్తారు. ఆ పద్ధతి నాకు నచ్చదు. ఊరు పరాయి సైన్యం చేతిలో ఉంది, సొంత క్లబ్బు మూతపడింది, వయసు 24. ఆ ఏడాదిని దాచకుండా చెప్పి, ఆ తర్వాత ఏం చేశాడో కూడా చెబితే మనిషి పూర్తిగా కనిపిస్తాడు.

తర్వాత జరిగింది ఇది. 1944 వసంతంలో హైడుక్ ఆటగాళ్లు ఆక్రమణలో ఉన్న స్ప్లిట్ నుంచి సముద్రం దాటి, ఆక్రమణ సైన్యాలతో పోరాడుతున్న టిటో కమ్యూనిస్టు గెరిల్లాలు, అంటే పార్టిజాన్ల చేతిలో ఉన్న విస్ దీవికి చేరారు. మే 7న, స్ప్లిట్ నగర రక్షకుడైన సెయింట్ డుయె పండగ రోజున, అక్కడే క్లబ్బును మళ్లీ నిలబెట్టారు. ఆ జట్టులో మాతోషిచ్ ఉన్నాడు. సెప్టెంబర్ 23న ఇటలీలోని బారిలో బ్రిటిష్ సైన్యం జట్టుతో మ్యాచ్. ప్రత్యర్థి కెప్టెన్ ఇంగ్లండ్ ఆటగాడు స్టాన్ కల్లిస్. స్టేడియంలో దాదాపు 40 వేల మంది. హైడుక్ 2-7 తేడాతో ఓడిపోయింది. రికార్డు పుస్తకం దృష్టిలో ఇది కూడా ఫ్రెండ్లీయే! అసలు లీగే లేని దేశం తరఫున, యుద్ధం నడుస్తుండగా ఆడిన మ్యాచ్‌ను ఇంకే పేరుతో రాయాలో ఆ పుస్తకానికి తెలియదు. 1945లో ఆ జట్టే మాల్టా, ఈజిప్టు, పాలస్తీనా, లెబనాన్, సిరియా తిరిగింది. ఆ మ్యాచ్‌లూ 'అనధికారికమే'.

22 నుంచి 26 ఏళ్ల వరకు, స్ట్రైకర్‌కు కాళ్లలో బలం పొంగే వయసంతా ఇలా గడిచింది. ఆ కాలంలో యుగోస్లావియా జాతీయ జట్టు ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. 1942, 1946 ప్రపంచకప్‌లు జరగలేదు. దేశం తరఫున అతని ఖాతాలో 16 మ్యాచ్‌లే ఉన్నాయంటే కారణం ఇందులోనే చాలావరకు ఉంది.

యుద్ధం తర్వాత మాత్రం అధికారిక లెక్కలు కూడా అతని వైపే మాట్లాడాయి. 1948-49లో 17 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్. 1950లో అతని కెప్టెన్సీలో హైడుక్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా లీగ్ గెలిచింది. ఆ సీజన్‌లో అక్టోబర్ 29న బెల్‌గ్రేడ్ క్లబ్బు రెడ్ స్టార్‌తో మ్యాచ్. ముందురోజే పుట్టిన టోర్సిడా అనే అభిమానుల బృందం స్తారి ప్లాట్స్ మైదానాన్ని గంటలతో, విజిల్స్‌తో హోరెత్తించింది. స్కోరు 1-1. ఆట ఇక ముగుస్తుందనగా హైడుక్ ఆటగాడు బోజో బ్రోకెటా గెలుపు గోల్ కొట్టాడు. అభిమానుల ఆ హోరుకు కమ్యూనిస్టు ప్రభుత్వం బెదిరిపోయింది. టోర్సిడా నాయకుడు వియెన్సెస్లావ్ జువెలా జైలుకెళ్లాడు. మాతోషిచ్‌ను కమ్యూనిస్టు పార్టీ నుంచి తీసేశారు. పార్టిజాన్ల కోసం సముద్రం దాటిన మనిషిని ఆరేళ్లు గడిచాయో లేదో బయటికి గెంటేశారు. నన్ను బాగా కలచివేసే ఘట్టం ఇదే.

ఆ హైడుక్ జట్టులోని బెయారా, వుకాస్ పేర్లు మన హైదరాబాద్ పాతతరం ఫుట్‌బాల్ అభిమానులకు తెలిసే ఉంటాయి. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో హైదరాబాదీ కోచ్ రహీమ్ సాబ్ నడిపిన భారత జట్టును 10-1తో ఓడించిన యుగోస్లావియా జట్టు వాళ్లదే. మనవాళ్లలో కొందరు ఆ రోజు బూట్లు లేకుండా ఆడారు. అదే రోజుల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ప్రపంచ గోల్స్ జాబితాలు తయారుచేసేవాళ్ల లెక్కలో ఆ గోల్స్ ఎక్కడున్నాయి? మాతోషిచ్ గోల్స్‌ను కొట్టేసే కలమే వాటినీ కొట్టేస్తుంది.

729ని తీసుకెళ్లి ఇప్పటి స్ట్రైకర్ల గోల్స్ పక్కన పెట్టి ఎవరు గొప్పో తేల్చమని నేను అడగడం లేదు. మ్యాచ్ పక్కన ఊరు, తేదీ, ఎదుటి జట్టు రాయండి, చాలు. బారి, 1944 సెప్టెంబర్ 23, బ్రిటిష్ సైన్యం, 2-7. ఈ వరసను చూశాక ఫ్రెండ్లీ అని కొట్టేయడానికి చెయ్యి ఎవరికి వస్తుందో చెప్పండి.