హెచ్4 మహర్దశ

ఈమధ్య కొందరు ఆడపిల్లలు హెచ్4 అనే డిపెండెంట్ వీసా మీద నిష్ఠూరాలు ఆడుతున్నారు. అమెరికా వెళ్లాక ఇంట్లో కూర్చోవాల్సి వస్తోందట. చదివిన చదువు తుప్పు పడుతోందట. ఇలాంటప్పుడు కలగజేసుకుని నాలుగు మంచి మాటలు చెప్పడం పెద్దలుగా మా బాధ్యత. మేం హైదరాబాద్ దాటి వెళ్లకుండానే ఇవన్నీ చెబుతున్నామని ఎవరైనా ఎత్తిపొడవచ్చు. ఎదుటివాళ్లు ఎంత సుఖంగా ఉన్నారో తేల్చడానికి అంతదూరం వెళ్లాల్సిన అవసరం మన దేశంలో ఎప్పుడూ లేదు.

ముందు చట్టం సంగతి. హెచ్1బీ అనే ఉద్యోగ వీసా మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో, 21 ఏళ్లు నిండని పెళ్లికాని పిల్లలకో ఇచ్చే వీసా హెచ్4. అంటే ఎంటెక్ చదివి, ఏళ్ల తరబడి టీమును నడిపించిన ఇల్లాలికీ, ఆవిడ చంకలోని పసివాడికీ కేటగిరీ ఒక్కటే. ఇద్దరూ చదువుకోవచ్చు. మామూలుగా ఇద్దరూ ఉద్యోగం చేయకూడదు. ఇంత సమానత్వం మరే దేశమైనా ఇస్తుందా? తేడా ఒక్కచోటే ఉంది. పిల్లవాడికి 21 నిండగానే ఈ హోదా పోతుంది. ఇల్లాలికి వయోపరిమితి లేదు.

పైగా డిపెండెంట్ కావడం ఎవరికి పడితే వాళ్లకు దక్కేది కాదు. పెళ్లి సంబంధాలు చూడండి. అమ్మాయి కనీసం బీటెక్ అయి ఉండాలి, ఎమ్మెస్ అయితే మరీ మంచిది, పేరున్న కంపెనీలో ఉద్యోగం కూడా ఉంటే ఇంకా సంతోషం. ఇన్ని పరీక్షలు పెట్టి ఎంపిక చేసేది ఏ పనికయ్యా అంటే, పని చేయకుండా ఉండే పనికి. ఇంత కఠినమైన వడపోత ఏ సర్వీస్ కమిషన్ కూడా పెట్టదు.

అమ్మాయి తరఫువాళ్లూ తక్కువ తినలేదు. పూర్వం గోత్రం, నక్షత్రం అడిగి ఊరుకునేవారు. ఇప్పుడు కాఫీ చల్లారకముందే మేనమామ గొంతు సవరించుకుని, "బాబుకి ఐ-140 అప్రూవ్ అయిందాండీ?" అంటాడు. గ్రీన్‌కార్డు కోసం అబ్బాయి కంపెనీ పెట్టే పిటిషన్ అది. ఆయన జన్మలో అమెరికా ఫారం ఒక్కటి కూడా నింపి ఉండడు. అయినా అబ్బాయి ప్రయారిటీ డేట్, అంటే గ్రీన్‌కార్డు క్యూలో చేరిన తేదీ, చెప్పగానే కళ్లు మూసుకుని, వేళ్లు మడిచి, పెదవి విరుస్తాడు. ఆయన్ని తప్పుపట్టలేం. 2015 మే 26 నుంచి అమలైన నిబంధన ప్రకారం, మొగుడికి ఐ-140 అప్రూవ్ అయి ఉంటేనో, గ్రీన్‌కార్డు ప్రక్రియ నడుస్తూ ఆరేళ్ల గడువు దాటాక హెచ్1 పొడిగింపు దొరికితేనో భార్య ఈఏడీకి, అంటే వర్క్ పర్మిట్ కార్డుకు, అప్లై చేసుకోవచ్చు. ఆ కార్డు వస్తే ఉద్యోగం చేయొచ్చు. కాబట్టి అమ్మాయి మళ్లీ ఎప్పుడు ఆఫీసుకు వెళ్తుందన్నది ఆవిడ చదివిన కాలేజీ చేతిలో లేదు. అబ్బాయి కంపెనీలో, ఆవిడ ముఖం ఎన్నడూ చూడని ఒక హెచ్ఆర్ మేనేజర్ ఫైలు ఎప్పుడు కదుపుతాడన్నదే లెక్క. జాతకాలు నమ్మం అనే హేతువాదులు దీనికేం జవాబు చెబుతారు?

ఇక స్టాంపింగ్, అంటే పాస్‌పోర్టులో వీసా వేయించుకోవడం. హైదరాబాద్‌లో అమెరికన్ కాన్సులేట్ 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో మొదలైంది. 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. ఇందులో ఉన్న దయను పత్రికలు సరిగ్గా గుర్తించలేదు. చుట్టుపక్కలంతా సాఫ్ట్‌వేర్ ఆఫీసులే. కొత్త పెళ్లికూతురు పొద్దున్నే తన ఆఫీసులో పర్మిషన్ పెట్టి, బ్యాడ్జి సొరుగులో దాచి, 205 డాలర్ల ఫీజు రసీదూ పెళ్లి ఫొటోలూ పట్టుకుని వెళ్లి, ఆ ఉద్యోగం మానేయడానికి అనుమతి సంపాదించుకుని, మధ్యాహ్నం మీటింగుకి వచ్చేయొచ్చు. ఇదివరకు దీనికోసం బేగంపేట దాకా ట్రాఫిక్‌లో నలగాల్సి వచ్చేది.

పెళ్లి నిజమేనని అధికారికి నమ్మకం కుదిరితే వీసా వస్తుంది. దాని మీద భర్త పేరు కూడా అచ్చువేస్తారు. మంగళసూత్రం స్వెటర్ కింద దాగుతుందేమో గానీ, పాస్‌పోర్టులో పడిన ఈ నాలుగో ముడి మాత్రం ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ప్రతివాడికీ కనిపిస్తుంది. 2025 డిసెంబర్ 15 నుంచి మరో మెట్టు ఎక్కారు. హెచ్1, హెచ్4 వాళ్లు సోషల్ మీడియా ప్రొఫైళ్లన్నీ పబ్లిక్‌లో పెట్టాలి, అధికారులు చూస్తారు అన్నారు. కోడలి ఇన్‌స్టాగ్రామ్ ప్రైవేట్‌లో ఉందని ఎన్నాళ్లుగానో కుమిలిపోతున్న అత్తగార్లకు ఇంతటి మేలు మన ప్రభుత్వాలేవీ చేయలేదు.

అక్కడ దిగాక అసలు సుఖం మొదలవుతుంది. ఉద్యోగం చేసే అర్హత లేదు కాబట్టి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇవ్వరు. కొన్ని రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ కావాలంటే, "ఈమెకు నంబర్ ఇవ్వడం కుదరదు" అని ఆ ఆఫీసువాళ్లే రాసిచ్చిన ఉత్తరం తీసుకెళ్లి చూపించాలి. మనిషికి లేనిదేమిటో ప్రభుత్వమే ధ్రువీకరిస్తుందన్నమాట. పన్నులు కట్టే వేళకు మాత్రం మొగుడి రిటర్నులో పేరు చేర్చడానికి వేరే నంబరొకటి ఇస్తారు. సంపాదన లేకున్నా పన్ను నంబరుకు లోటుండదు.

నిష్కామ కర్మ గురించి మన పెద్దలు వేల ఏళ్లు చెప్పారు. అమలు చేసింది మాత్రం అమెరికా. ఈఏడీ లేకుండా హెచ్4 మీద ఉన్నవాళ్లు జీతం తీసుకోకూడదు. జీతం వద్దులెండి, ఊరికే చేస్తానన్నా, అది మామూలుగా డబ్బిచ్చి చేయించే పనైతే చిక్కే. సేవాసంస్థలో నిజంగా సేవ చేస్తే అభ్యంతరం లేదు. ఇంటిపనికైతే ఏ ఆంక్షా వర్తించదు. రాత్రి పదింటికి ఆడమనిషి గిన్నెలు తోముతుంటే, ఇది అనధికార ఉపాధి అంటూ ఇమ్మిగ్రేషన్ అధికారులు తలుపు తట్టిన దాఖలా ఎక్కడా లేదు.

అసూయ పెట్టుకోకూడదు గానీ, ఎదురు ఫ్లాట్ అమ్మాయి దిగిన వారానికే ఉద్యోగం వెతుక్కుంటూ ఉంటుంది. ఆవిడది ఎల్2 అనే మరో డిపెండెంట్ వీసా. ఆవిడ మొగుణ్ని సొంత కంపెనీయే ఇక్కడి ఆఫీసు నుంచి అక్కడి ఆఫీసుకు పంపింది. అలా వెళ్లే ఎల్1 వీసావాళ్ల భార్యకో భర్తకో 2021 నవంబర్ నుంచి విడిగా ఈఏడీ కూడా అక్కర్లేదు. ఇద్దరమ్మాయిలదీ ఒకే కాలేజీ కావచ్చు, ఒకే బ్యాచ్ కావచ్చు. ఎవరికి ఎలా రాసిపెట్టి ఉంటే అలా.

ఈఏడీ వచ్చినవాళ్లు మురిసిపోనక్కర్లేదు. ఆ నిబంధన వచ్చిన ఏడాదే దాన్ని కొట్టేయమని కోర్టులో కేసు పడింది. మధ్యలో ప్రభుత్వమే ఎత్తేస్తానంది, 2021లో మనసు మార్చుకుంది. కేసు మాత్రం నడుస్తూనే ఉంది. చివరికి 2025 అక్టోబర్‌లో, ఇది మేం వినం అని సుప్రీంకోర్టు పంపించేసింది. పదేళ్ల టెన్షన్ తీరిందని ఊపిరి పీల్చుకునేలోపే అదే నెల 30 నుంచి, రెన్యువల్‌కి పెట్టుకున్నవాళ్లకు పాత కార్డు మీద దానంతటదే దొరికే పొడిగింపు తీసేశారు. గడువు తీరేనాటికి కొత్త కార్డు చేతికి రాకపోతే ఉద్యోగం ఆపుకుని ఇంట్లో కూర్చోవడమే. ఒకసారి అలవాటైన సుఖాన్ని పూర్తిగా మర్చిపోకూడదని కాబోలు.

భార్య, మొగుడి ఐ-140 ఊసెత్తకుండా వర్క్ పర్మిట్ అడిగే వీలు ఒకటి ఉంది. 2005 నాటి చట్టం ప్రకారం, మొగుడు హింసించాడని రుజువులు చూపిస్తే ఆవిడ సొంతంగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ చట్టం మంచిదే, దానివల్ల బయటపడినవాళ్లు ఉంటారు. కానీ లెక్క ఎలా తేలిందో చూడండి. మంచి మొగుడు దొరికితే క్యూలో ఆగాలి. చెడ్డవాడు దొరికితే ఆగక్కర్లేదు.

మొగుడికి లేఆఫ్ అయితే ఎక్కువలో ఎక్కువ 60 రోజులు. ఆలోగా ఆయనకు మరో కంపెనీ దొరకాలి, లేదా మరో దారి చూసుకోవాలి. లేకపోతే ఇద్దరూ సామాను సర్దుకోవడమే. "ధర్మేచ అర్థేచ కామేచ" అని పురోహితుడు మైకులో చెప్పించినప్పుడు ఆ మధ్యలో ఉన్నది ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో రెండో జీతం లేకుండా ఇంటి అద్దె, కారు వాయిదా కట్టాల్సి వచ్చినప్పుడు ఇద్దరికీ గుర్తొస్తుంది.

అన్నట్టు, ఈ హోదాలో మగవాళ్లూ ఉన్నారు. పెళ్లాం హెచ్1, మొగుడు హెచ్4. ఆ ఇళ్లలో డిపెండెంట్ అన్న పదమే వినపడదు. "ఏదో స్టార్టప్ ప్లాన్ చేస్తున్నాడండీ" అంటారు, లేదంటే "క్లౌడ్ కోర్సు చేస్తున్నాడు" అంటారు. మాకు తెలిసిన ఒక పెద్దావిడ కొడుకూ, కూతురూ ఇద్దరూ ఈ వీసా మీదే వెళ్లారు. కూతురి గురించి అడిగితే ఆవిడ ముఖం వెలిగిపోతుంది: "దానికేమండీ, మహారాణి, కాలు మీద కాలేసుకుని ఉంటోంది." కొడుకు మాటెత్తితే మాత్రం కొంగు కళ్లకు అద్దుకుంటుంది: "వాడి జీవితం నాశనమైపోయింది. ఎంత చదువు చదివాడు! రోజంతా ఆ నాలుగు గోడల మధ్య ఏం చేస్తాడు చెప్పండి, మనిషన్నాక పని ఉండొద్దూ?"