పరీక్ష ఒకటే, పట్టా మాత్రం రాష్ట్రానికో తీరు

అమెరికాలో మనవాళ్ళు అనగానే సాఫ్ట్‌వేర్ వాళ్ళే గుర్తొస్తారు గానీ, అన్నయ్యో అక్కో పిటిషన్ వేస్తే పదేళ్ళకి పైగా ఎదురుచూసి, నలభై దాటాక గ్రీన్‌కార్డు మీద వెళ్ళి గ్యాస్ స్టేషన్ కౌంటర్లో నిలబడేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళలో తొమ్మిదో క్లాసుతో బడి మానేసినవాళ్ళు అక్కడ ఏదైనా కోర్సు చేద్దామన్నా, ఇంకాస్త మంచి ఉద్యోగం చూసుకుందామన్నా చాలా చోట్ల ముందు అడిగేది హైస్కూల్ డిప్లొమా, అంటే అక్కడి పన్నెండో క్లాసు పూర్తిచేసిన పట్టా. అది లేనివాళ్ళకి ఎక్కువగా వినబడే దారి జీఈడీ, బడికి వెళ్ళకుండానే హైస్కూల్ స్థాయి చదువు ఉందని నిరూపించుకునే పరీక్ష.

మన ఓపెన్ స్కూల్ పరీక్ష లాంటిదే అనుకోవచ్చు. నాలుగు పేపర్లు, మ్యాథ్స్, లాంగ్వేజ్, సైన్స్, సోషల్, అన్నీ కంప్యూటర్ మీదే. ఒక్కోదాంట్లో 200కి 145 రావాలి. ఇంగ్లీష్‌లోనో స్పానిష్‌లోనో రాయాలి, తెలుగు లేదు. పరీక్ష పెట్టేది ఒక సంస్థ, పట్టా ఇచ్చేది మాత్రం రాష్ట్రం, చిక్కంతా ఇక్కడే వస్తోంది. న్యూయార్క్‌లో ఫీజు లేదు, చాలా రాష్ట్రాల్లో పేపర్‌కి ఇంత అని కట్టాలి. టెక్సస్‌లో 17 ఏళ్ళ పిల్లాడు రాయాలంటే అమ్మానాన్నల సంతకం కావాలి. అదే పరీక్ష పాసైతే మేరీల్యాండ్ హైస్కూల్ డిప్లొమా అనే ఇస్తుంది, టెక్సస్ ఈక్వివలెన్సీ సర్టిఫికెట్ (హైస్కూల్‌తో సమానమనే పత్రం) అంటుంది, విస్కాన్సిన్‌లో అయితే హెల్త్, ఉద్యోగ నైపుణ్యాలు లాంటివి కూడా పూర్తిచేస్తేనే డిప్లొమా స్థాయి పట్టా. చదివిన చదువు ఒకటే అయినప్పుడు కాగితం మీద మాట ఎందుకు మారాలి? ఈ తేడా మాకు అన్యాయంగానే కనిపిస్తోంది.

పాస్ మార్కు సంగతి ఇంకా బాధాకరం. 2014లో పరీక్షని కొత్తగా, బాగా కష్టంగా మార్చి 150 వస్తేనే పాస్ అన్నారు, అంతకుముందు పాత పరీక్షలో రెండు మూడు పేపర్లు గట్టెక్కినవాళ్ళు 2013 చివరిలోగా మిగతావి పూర్తిచేయకపోతే మళ్ళీ మొదటికే రావాల్సి వచ్చింది. తీరా 2016 జనవరిలో మార్కుని 145కి దించారు, పాతవాళ్ళకి వర్తింపజేయాలా వద్దా అన్నది రాష్ట్రాలకే వదిలేశారు. అంతకు రెండేళ్ళ ముందు 147 వచ్చి ఫెయిల్ అనిపించుకున్న మనిషి పరిస్థితి ఒక్కసారి ఆలోచించండి, ఆ రెండేళ్ళలో ఆ కాగితం లేక ఎన్ని దరఖాస్తులు పెట్టకుండా ఆగిపోయి ఉంటారో.

అసలు ఈ పరీక్ష 1942లో పుట్టిందే సైనికుల కోసం, చదువు మధ్యలో వదిలి యుద్ధానికి పోయిన కుర్రాళ్ళు తిరిగొచ్చి కాలేజీలో చేరడానికి. 1947లో న్యూయార్క్ దాన్ని మామూలు జనానికీ తెరిచింది. ఇవాళ అదే సైన్యంలో చేరబోతే జీఈడీ ఉన్నవాళ్ళని డిప్లొమా ఉన్నవాళ్ళ తర్వాత రెండో శ్రేణిలో పెడుతున్నారు.

అందుకే మేం అడిగేది ఇది. న్యూయార్క్‌లో లేని ఫీజుని మిగతా రాష్ట్రాలూ తీసెయ్యాలి, పరీక్ష మారినా పాసైన పేపర్లు చెల్లాలి, పట్టా మీద డిప్లొమా అనే రాయాలి.

ఈలోగా అక్కడి మన తెలుగు సంఘాలు చేయగలిగిన పని ఒకటుంది. ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో రాయాలంటే ముందు ప్రాక్టీస్ టెస్టులో గ్రీన్ స్కోరు, అంటే పాసయ్యే అవకాశం ఉందని చూపే స్కోరు, రావాలి, ఆ తర్వాత గదిలో ఒక్కరే ఉండాలి, వెబ్‌క్యామ్‌లో చూస్తుంటారు, ఇంకొకరు లోపలికి రాకూడదు. రెండు గదుల అపార్ట్‌మెంట్‌లో పిల్లలూ అత్తగారూ ఉండే ఇల్లాలికి ఆ గది ఎక్కడ దొరుకుతుంది? పిల్లల స్పెల్లింగ్ బీ కోచింగ్‌కి హాలు చూసిపెట్టేవాళ్ళు ఈ అక్కలకి ఆదివారం రెండు గంటలు మ్యాథ్స్ చెప్పించి, పరీక్ష రోజున తలుపేసుకోడానికి ఒక గది ఇప్పించండి.